‘గుంట’కు పదకోశంలో ఏ అర్థం రాయాలి?

పదాల_పెట్టె: భూమి, సాగు మాటలతో చిన్న పదకోశం తయారు చేస్తున్నాం. ‘గుంట’ దగ్గర ఆగిపోయాం. తెలంగాణ పాసుపుస్తకంలో అది ఎకరంలో 40వ వంతు. కోస్తాలో నీళ్లు నిలిచే గొయ్యి. శ్రీకాకుళం వైపు ఆడపిల్ల, మగపిల్లాడైతే గుంటడు. ఈ చివరిదాన్ని ‘గ్రామ్యం’ అని గుర్తు పెట్టి వేయాలా, వదిలేయాలా?

సర్వే_గొలుసు: వదిలేయండి. 33 అడుగుల గొలుసు నాలుగు పక్కలా పరిస్తే వచ్చే చదరం గుంట. 121 గజాలు, అంటే రెండున్నర సెంట్లు. కోస్తా నుంచి వచ్చిన మా బావ సంగారెడ్డి దగ్గర 10 గుంటలు బేరమాడి, గుంటన్నా సెంటన్నా ఒకటేననుకుని, రేటు మరీ ఎక్కువని లేచొచ్చేశాడు. అవి 25 సెంట్లు! ఇప్పుడక్కడ వెంచర్ వేశారు. ఉన్న తికమక చాలదా?

పలాస_పిల్ల: మీ బావకి లెక్క రాకపోతే మధ్యలో మా గుంటలేం చేశారండీ?

కొబ్బరాకు: 😂😂

సర్వే_గొలుసు: నవ్వులాట కాదమ్మా. దస్తావేజులో రాసే మాటకు ఒక్కటే అర్థం ఉండాలి.

పలాస_పిల్ల: దస్తావేజులో ఒక్కటే ఉంచండి, ఎవరొద్దన్నారు? ‘2 ఎకరాల 10 గుంటలు’ అని చదివి పదిమంది ఆడపిల్లలనుకునేవాడు శ్రీకాకుళంలో కూడా లేడు. పక్కనున్న మాటే అర్థం చెప్పేస్తుంది. నా అభ్యంతరం ‘గ్రామ్యం’ అన్న గుర్తు మీద.

కొబ్బరాకు: కానీ ‘గుంట’ అనడం కాస్త మర్యాద తక్కువే కదా? మావైపు ఎవరినైనా అలా పిలిస్తే కొడతారు.

పలాస_పిల్ల: మీవైపు పిలవకండి. మా అమ్మమ్మ ‘మా గుంటకి జొరమొచ్చింది’ అంటే అందులో తిట్టు లేదు. కొత్తవాళ్లనీ పెద్దవాళ్లనీ మేమూ అలా అనం. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు ఫోన్లో మా చెల్లిని ‘గుంటా’ అన్నానని ఏడాదంతా నన్ను ‘గొయ్యి’ అని పిలిచారు. గిడుగు రామమూర్తి పుట్టింది మా జిల్లాలోనే. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం చేసి మా మాటకి గ్రామ్యమని ముద్ర వేస్తారా?

సర్వే_గొలుసు: ఇదీ అసలు సంగతి! భూమి మాట మాట్లాడుతుంటే హాస్టల్ తెచ్చారు. యాస పేరుతో మమ్మల్ని ఎగతాళి చెయ్యలేదా? ఇన్నేళ్లూ సినిమాల్లో మా భాష రౌడీకి, కమెడియన్‌కే కదా ఇచ్చారు?

పలాస_పిల్ల: మాది పనిమనిషికిచ్చారు. అది తెలిసి కూడా మీ గుంట ‘సాంకేతికం’, మా గుంట ‘గ్రామ్యం’ అంటున్నారే, అదే నా బాధ. సర్కారు కాగితమెక్కితే పదం, అమ్మమ్మ నోట్లో ఉంటే యాస!

సర్వే_గొలుసు: కాగితమెక్కిన మాటకు డబ్బు కట్టాలి, కోర్టుకెళ్లాలి. అమ్మమ్మ మాటకు అక్కర్లేదు. తేడా అంతే. గౌరవం సంగతి నేనెత్తలేదు.

తెల్లకాగితం: ఇద్దరూ ఒకసారి భద్రిరాజు కృష్ణమూర్తి గారి ‘మాండలిక వృత్తి పదకోశం’ తిరగేయండి. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. రైతుల నోటి మాటలు సేకరించి, ఏది ఏ ప్రాంతానిదో చూపించారు. మనమూ ‘గ్రామ్యం’ తీసేసి ‘ఉత్తరాంధ్ర’ అని రాస్తే సరిపోదా?

సర్వే_గొలుసు: అందులో ఉన్నవి సాగు మాటలు. ఆడపిల్ల సాగు పనిముట్టా?

పలాస_పిల్ల: కలుపు తీసేది ఎవరనుకున్నారు మరి?

పాలమూరోడు: గుంట వేరు, కుంట వేరు అన్నా. మా దగ్గర కుంట అంటే చిన్న చెరువు. రెండూ ఒకేచోట పెట్టి చంపకండి.

పదాల_పెట్టె: ‘గ్రామ్యం’ గుర్తు తీసేస్తున్నాం. కొలత ముందు, దాని పక్కనే 121 గజాల లెక్క. తర్వాత గొయ్యి, ఆ తర్వాత ఆడపిల్ల, ఒక్కోదానికి ప్రాంతం పేరు. కుంటకు వేరే పద్దు.

సర్వే_గొలుసు: అలాగే కానివ్వండి. సహకరించినవాళ్ల జాబితాలో నా పేరు మాత్రం వేయకండి.

పలాస_పిల్ల: కొలతే ఎందుకు ముందు?