నార్ఫోక్ వంశ పరిశోధన: జనగణనలో ఉన్న మనిషి పారిష్ రిజిస్టర్‌లో కనిపించడం లేదు

ప్రశ్న

నమస్కారం. మా అత్తగారిది ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీ. ఆవిడ వంశక్రమాన్ని మా పిల్లల కోసం రాసి పెట్టాలన్న ఉద్దేశంతో కొంతకాలంగా పాత రికార్డులు చూస్తున్నాను. అక్కడ 1837 జూలై 1 నుంచి ప్రభుత్వమే జనన, మరణ, వివాహాలను నమోదు చేస్తున్నందువల్ల అంతవరకూ సర్టిఫికెట్ల ఆధారంగా ఇబ్బంది లేకుండా వెనక్కి వెళ్లగలిగాను. చిక్కంతా ఆవిడ ముత్తాతకు తాత అయిన వ్యక్తి దగ్గర వచ్చింది. 1851 జనగణనలో ఆయన వయసు 59 అనీ, వ్యవసాయ కూలీ అనీ ఉంది. పుట్టిన చోటుగా ఈస్ట్ డెరహమ్ పట్టణానికి దగ్గరలోని ఒక చిన్న పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) పేరు రాశారు. ఆ పారిష్ బాప్తిస్మపు రిజిస్టర్‌లో 1785 నుంచి 1800 దాకా ప్రతి పుటా చూశాను. ఆయన పేరు లేదు సరికదా, ఆ ఇంటిపేరు గలవారే లేరు.

1840ల మొదట్లో ఆయన భార్యాబిడ్డలతో సహా గ్రెసెన్‌హాల్ వర్క్‌హౌస్‌లో (నిరుపేదలతో పని చేయించుకుని తిండి, నీడ ఇచ్చే చోట) తలదాచుకున్నారని ఇంట్లో ఒక మాట ఉంది. అత్తగారు మొదట్లో ఆ ప్రస్తావన ఇష్టపడేవారు కారు; ఇప్పుడు ఆవిడే దాని సంగతి కనుక్కోమని అడుగుతున్నారు. బాప్తిస్మపు నమోదు దొరకనప్పుడు తల్లిదండ్రుల పేర్లు తెలుసుకునే మార్గం ఇంకేదైనా ఉందా?

మొదటి జవాబు

రిజిస్టర్‌లో పేరు లేనంత మాత్రాన ఆయన అక్కడ పుట్టలేదని అనుకోవద్దు. పారిష్ రిజిస్టర్ నమోదు చేసేది బాప్తిస్మాన్నే గాని జననాన్ని కాదు. మీ వ్యక్తి పుట్టిన కాలానికి సంబంధించి ఒక ప్రత్యేక కారణం కూడా ఉంది. 1783 నుంచి 1794 దాకా రిజిస్టర్‌లో రాసే ప్రతి నమోదుకూ 3 పెన్నీల పన్ను ఉండేది. బీదలకు మినహాయింపు ఉండేది గాని, బీదలమని ఒప్పుకోవడానికి మనసొప్పక కొందరు బాప్తిస్మాన్నే వాయిదా వేశారు. పన్ను రద్దయిన తరువాత ఇంట్లోని పిల్లలందరికీ ఒకే రోజున బాప్తిస్మం ఇప్పించిన కుటుంబాలూ ఉన్నాయి. కనుక 1800 దగ్గర ఆగకుండా మరో పదేళ్లు ముందుకు చూడండి.

తల్లిదండ్రులు పారిష్ రిజిస్టర్లు రాసే ఆంగ్లికన్ చర్చికి (ఇంగ్లండ్ అధికారిక చర్చికి) చెందినవారు కాకపోయే అవకాశం కూడా ఉంది. మెథడిస్టులు, ఇండిపెండెంట్లు, బాప్టిస్టులు తమ చాపెళ్లలో (ప్రార్థన మందిరాలలో) విడిగా రిజిస్టర్లు ఉంచుకునేవారు. 1837 తరువాత ప్రభుత్వం వాటిని సేకరించింది. అవి లండన్‌లోని క్యూలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్.జి. 4 అనే వరుసలో ఉన్నాయి. అలాగే ప్రతి పారిష్ నుంచి ఏటా బిషప్పుకు ఒక నకలు పంపేవారు. అసలు రిజిస్టర్‌లో చెదలు తిన్న పుట నకలులో భద్రంగా ఉండవచ్చు.

రెండవ జవాబు

నేను ఇంగ్లండ్‌లో ఒక కౌంటీ రికార్డ్ ఆఫీసులో వాలంటీరుగా బీదల సహాయానికి సంబంధించిన కాగితాలకు సూచిక తయారు చేస్తుంటాను. పై సలహాలన్నీ మంచివే. అయినా మీ విషయంలో నేనైతే చర్చి రిజిస్టర్‌ను పక్కనపెట్టి వర్క్‌హౌస్ వైపు నుంచి మొదలుపెడతాను. నిరుపేదల గురించి అప్పట్లో ఎవరూ శ్రద్ధగా రాయలేదన్నది నిజమే గాని, వారిని పోషించే ఖర్చు ఎవరి నెత్తిన పడాలన్న తగాదా వచ్చినప్పుడు మాత్రం ప్రతి వివరమూ రాసిపెట్టారు.

1601 నాటి చట్టం ప్రకారం బీదలను పోషించే బాధ్యత పారిష్‌ది. ఏ మనిషి ఏ పారిష్ లెక్కలోకి వస్తాడన్నది 1662 చట్టమూ, దాని తరువాత వచ్చినవీ నిర్ణయించాయి. దానినే సెటిల్‌మెంట్ అనేవారు. సాధారణంగా తండ్రి సెటిల్‌మెంటే బిడ్డకు వస్తుంది, భర్తది భార్యకు వస్తుంది. పెళ్లికాని తల్లికి పుట్టిన బిడ్డకైతే 1834కు ముందు పుట్టిన చోటే సెటిల్‌మెంట్. పెళ్లికాని పనివాడు ఒకే యజమాని దగ్గర ఏడాది పూర్తిగా పనిచేసినా, ఏడాదికి 10 పౌండ్ల అద్దె గల ఆస్తిలో కాపురమున్నా కొత్త పారిష్‌లో హక్కు వచ్చేది. అందుకే కొందరు రైతులు కూలీని 51 వారాలకే కుదుర్చుకునేవారు. ఆ ఒక్క వారం తగ్గించడం వల్ల ఒక కుటుంబం జీవితాంతం తనది కాని ఊరికి ముడిపడి ఉండిపోయేది.

ఎవరైనా సహాయం కోరినప్పుడు అతని పారిష్ ఏదో తేల్చడానికి ఇద్దరు మేజిస్ట్రేట్ల ఎదుట ప్రమాణం చేయించి విచారించేవారు. ఆ విచారణ పత్రం ఒకటి దొరికితే చాలు: ఎక్కడ పుట్టాడు, తండ్రిది ఏ పారిష్, ఏ వయసులో ఎవరి దగ్గర పనికి కుదిరాడు, జీతం ఎంత, ఎవరిని ఎప్పుడు పెళ్లాడాడు, పిల్లల పేర్లు, వయసులు అన్నీ ఒకే కాగితంలో ఉంటాయి. అడుగున మేజిస్ట్రేట్ల సంతకాల పక్కన, చదువురాని ఆ మనిషి వణుకుతున్న చేత్తో గీసిన అడ్డగీతల గుర్తు కూడా ఉంటుంది. వేరే ఎక్కడా ఒక్క మాట కూడా మిగలని కూలివాడి జీవితకథ అది. నా దృష్టిలో ఏ జమీందారు వీలునామా కన్నా విలువైనది.

ఇక మీకు సూటిగా పనికొచ్చే మాట. గ్రెసెన్‌హాల్ భవనం 1777 నాటిది. పారిష్‌లను యూనియన్లుగా కలిపిన 1834 బీదల చట్టం తరువాత అది మిట్‌ఫర్డ్ అండ్ లాండిచ్ యూనియన్ వర్క్‌హౌస్ అయింది. పారిష్‌లు యూనియన్‌గా కలిసినా, 1865 దాకా ఏ పారిష్ బీదల ఖర్చు ఆ పారిష్‌దే. అందువల్ల వర్క్‌హౌస్ ప్రవేశ రిజిస్టర్లలో ప్రతి వ్యక్తికీ ఎదురుగా ఖర్చు ఏ పారిష్ ఖాతాలో పడుతుందో రాసేవారు. ఆ గడిలో ఉన్న ఊరే మీరు వెతకవలసిన ఊరు. 1846 తరువాత ఐదేళ్లు ఒకేచోట నివసించిన వారిని సెటిల్‌మెంట్ ఉన్న పారిష్‌కు వెళ్లగొట్టే వీలు పోవడంతో లెక్కలు మారాయి. మీవారు అంతకు ముందే చేరారు కనుక ఆ గడి మీకు నమ్మకమైన ఆధారం. నేటికీ మిగిలి ఉన్న రిజిస్టర్లు, సమావేశాల మినిట్ పుస్తకాల కోసం నార్విచ్‌లోని నార్ఫోక్ రికార్డ్ ఆఫీసు కేటలాగు చూడండి. యూనియన్లకూ లండన్ అధికారులకూ మధ్య నడిచిన ఉత్తరాలు క్యూలో ఎం.హెచ్. 12 వరుసలో ఉన్నాయి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. ప్రవేశ రిజిస్టర్‌లో ఆ కుటుంబం దొరికింది. తండ్రిని పురుషుల విభాగంలో, తల్లిని స్త్రీల విభాగంలో, పిల్లలను మరోచోట ఉంచినట్టు చూసి అత్తగారు చాలాసేపు మాట్లాడలేకపోయారు. ఖర్చు భరించినది జనగణనలో రాసిన పారిష్ కాదు, దాని పొరుగున ఉన్నది. అక్కడి బాప్తిస్మపు రిజిస్టర్ తెరిస్తే అదే పేరు, ఇంటిపేరుతో ఇద్దరు మగపిల్లలు కనిపిస్తున్నారు: ఒకరికి 1790లో, మరొకరికి 1795లో బాప్తిస్మం జరిగింది, తండ్రుల పేర్లు వేరు. మావారు ఎవరో ఎలా తేల్చాలి?

రెండవ జవాబు రాసినవారు

ముందుగా ఇద్దరిలో ఎవరైనా చిన్నప్పుడే చనిపోయారేమో ఖనన రిజిస్టర్‌లో చూడండి. 1813కు ముందు వయసు రాయకపోయినా, పసివాడైతే ఫలానా వారి కొడుకు అని తండ్రి పేరు చేర్చడం చాలా పారిష్‌లలో అలవాటు. తరువాత ఆయన వివాహ నమోదు తీయండి. 1754 నుంచి వధూవరులూ సాక్షులూ సంతకమో గుర్తో పెట్టాలి. 1837కు ముందు అందులో తండ్రి పేరు ఉండదు గాని, సాక్షులలో అన్నో చెల్లెలో ఉంటే కుటుంబం తేలిపోతుంది. 1795 నాటి బాప్తిస్మాన్ని వయసు లెక్కతో కొట్టివేయకండి. పన్ను రద్దయిన మరుసటి ఏడాది అది, మూడేళ్ల పిల్లవాడికి అప్పుడు ఇప్పించి ఉండవచ్చు. అదే రోజున అదే తండ్రి పేరుతో ఇతర పిల్లలు కూడా ఉన్నారేమో గమనించండి.

ఆ పొరుగు పారిష్ ఓవర్‌సీర్ల (బీదల సహాయం చూసే అధికారుల) ఖాతా పుస్తకాలు మిగిలి ఉంటే తప్పక అడిగి తీయించుకోండి. ఎవరి పిల్లలకు చెప్పులు కొనిచ్చారో, ఏ ప్రసవానికి మంత్రసానికి డబ్బిచ్చారో, ఎవరి శవపేటికకు ఎంత అయిందో వాటిలో పేర్లతో సహా ఉంటుంది. ఇద్దరు తండ్రులలో ఏ ఇంటివారు 1790లలో సహాయం తీసుకున్నారో తెలిస్తే, విచారణ పత్రం కోసం ఏ పేరుతో వెతకాలో మీకు తెలుస్తుంది.