ఇస్సాకు అడిగిన "రుచిగల భోజ్యములు" మాంసం కూరేనా?

బెరయ పాఠకుడు:
అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మా సంఘంలో ఆదికాండము 27 మీద ప్రసంగం జరిగింది. ముసలి ఇస్సాకు పెద్దకొడుకు ఏశావును పిలిచి, వేటాడి "రుచిగల భోజ్యములు" చేసి తెమ్మంటాడు కదా, ఈలోగా ఆయన భార్య రిబ్కా మేకపిల్లల్ని వండి, చిన్నకొడుకు యాకోబును ఏశావులా పంపి ఆ కళ్లు కనబడని తండ్రిని మోసం చేస్తుంది; హీబ్రూలో ఆ మాటకు అర్థం "మసాలా దట్టించి వండిన మాంసం" అని ప్రసంగీకులు చెప్పారు. ఆరాధన అయ్యాక బయట పెద్ద చర్చే నడిచింది. మూలంలో ఉన్న మాట మత్అమ్మీమ్. అందులో మాంసమూ లేదు, మసాలా అంతకన్నా లేదు. దాని ధాతువు నుంచే "తఅమ్" అనే మాట వస్తుంది, అంటే రుచి. నిర్గమకాండము 16:31లో మన్నా (ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం) రుచి తేనెతో చేసిన అప్పాల్లా ఉందన్న చోట వాడింది ఈ "తఅమ్"నే. కాబట్టి కారంగా ఉండాలనీ, తీపి కాకూడదనీ ఆ మాట ఎక్కడా చెప్పదు. మీరేమంటారు?

వేటగాడు_27:
బ్రదర్, ధాతువు చూసి అర్థం తేల్చేస్తే ఎలా? మాట ఎక్కడెక్కడ వాడారో చూడాలి. ఈ అధ్యాయంలో అది ఆరుసార్లు వస్తుంది: 4, 7, 9, 14, 17, 31 వచనాల్లో. ఆరు చోట్లా గిన్నెలో ఉన్నది మాంసమే. ఏశావుదైతే వేటమాంసం, రిబ్కాదైతే మేకపిల్లలు. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్ కూడా "సేవరీ మీట్" అనే పెట్టింది. ప్రసంగీకులు చెప్పిన దాంట్లో తప్పేముంది?

బెరయ పాఠకుడు:
ఆ "మీట్" దగ్గరే మనవాళ్లు బోల్తా పడుతున్నారు. 1611 నాటి ఇంగ్లీషులో మీట్ అంటే ఆహారం, అంతే. లేవీయకాండము 2లో అదే బైబిల్ "మీట్ ఆఫరింగ్" అంటుంది. అక్కడ ఉన్నవి పిండి, నూనె, సాంబ్రాణి. మన తెలుగు బైబిల్లో అది నైవేద్యము. మాంసం ముక్క ఒక్కటీ లేదు.

వాడుకే చూద్దామంటారా, చూద్దాం. ఈ మాట ఈ అధ్యాయం బయట కనిపించేది సామెతలు 23:3, 23:6 వచనాల్లోనే, కాస్త మారిన బహువచన రూపంలో. ఒకటి అధిపతి బల్ల మీద ఉన్నవి, రెండోది పిసినారి ఇంట్లో పెట్టేవి. మాంసమో, పిండివంటలో, పండ్లో చెప్పనే లేదు. మన బైబిల్ అక్కడ "రుచిగల పదార్థములు" అని ఊరుకుంది. నాకది సరిగ్గానే అనిపిస్తుంది.

ఒంగోలు వంటిల్లు:
మీరిద్దరూ 17వ వచనం దాటి వెళ్లిపోతున్నారు. రిబ్కా యాకోబు చేతికి రెండు ఇచ్చింది. ఒకటి ఈ మత్అమ్మీమ్, రెండోది రొట్టె. రెండూ వేర్వేరుగా చెప్పారు. అంటే ఇది మొత్తం భోజనం పేరు కాదు, రొట్టెలోకి నంజుకునేది. మనకు అన్నం వేరు, కూర వేరు అయినట్టే. బైబిల్ అనువాదకుడు జెరోము లాటిన్‌లో 4లోనూ 17లోనూ "పుల్మెంతుమ్" అని పెట్టాడు, అంటే రొట్టెతోనో గంజితోనో కలుపుకు తినేది. 25:29లో యాకోబు వండిన వంటకానికీ ఆయన ఇదే మాట వాడాడు. కాకపోతే 9లో మాత్రం "తినేవి" అని మామూలు మాట వేశాడు, ఎందుకో ఆయనకే తెలియాలి. పాత గ్రీకు అనువాదమైన సెప్టువజింతులోనూ ఇలాంటి మామూలు మాటే ఉంది.

ఇక మసాలా సంగతి. ఉడికించిందో, కాల్చిందో కూడా అక్కడ లేదు. "చేసింది" అనే ఉంది. బైబిల్లో వంటకు పనికొచ్చేవి వెతికితే ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, ధనియాలు, జీలకర్ర దొరుకుతాయి. మిరపకాయ అమెరికా నుంచి వచ్చింది, కొలంబస్ తర్వాత. కాబట్టి ప్రసంగం వింటూ మనం నోరూరించుకునే ఆ ఎర్రటి ఇగురు ఇస్సాకు కలలో కూడా చూసి ఉండడు.

వేటగాడు_27:
నవ్వించారు సిస్టర్. మరి మసాలా లేకపోతే మేకపిల్ల మాంసానికీ జింక మాంసానికీ తేడా ఇస్సాకుకు ఎలా తెలియలేదు? 25:28 ప్రకారం ఆయన ఏశావు తెచ్చిన వేటమాంసం తిని తిని అలవాటు పడిన మనిషి. ఏదో గట్టిగా దట్టిస్తేనే కదా వాసన మారేది?

ఒంగోలు వంటిల్లు:
ఈ ప్రశ్న పాతదే. 11వ శతాబ్దంలో ఫ్రాన్సులో ఉన్న యూదు వ్యాఖ్యాత రాషి 27:9 దగ్గర ఒక్క ముక్కలో తేల్చేశాడు: మేకపిల్ల రుచి జింక రుచిలాగే ఉంటుందని. అసలు ముసలాయన ఒక్కడికి రెండు మేకపిల్లలు ఎందుకన్న అనుమానం కూడా ఆయనకే వచ్చింది. ఒకటి పస్కా (యూదుల పండుగ) కోసం అంటాడు. పస్కా అప్పటికింకా పుట్టనే లేదనుకోండి. రుచి విషయంలో మాత్రం ఆయన మాట నమ్ముతాను. లేత మాంసం పొయ్యి మీద పడ్డాక వంటచేసే చెయ్యే రుచిని నిర్ణయిస్తుంది.

పాతబస్తీ పాఠకుడు:
మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. హైదరాబాదులో ఉర్దూ పెళ్లికార్డులు చూసినవాళ్లకు "తనావుల్-ఎ-తఆమ్" తెలిసే ఉంటుంది, అంటే విందు. ఆ తఆమ్ అరబ్బీ మాట, ఈ హీబ్రూ మాటకు చుట్టమే. అరబ్బీలో అది ఆహారం అయింది. హీబ్రూలో ఇంకో దారి కూడా పట్టింది, వివేకం. 1 సమూయేలు 25:33లో దావీదు అబీగయీలు అనే స్త్రీ "తఅమ్"ను మెచ్చుకుంటాడు. వంటను కాదు, బుద్ధిని. 34వ కీర్తన శీర్షికలో దావీదు వెర్రివాడిలా నటించాడన్న చోట కూడా మార్చుకున్నది ఈ "తఅమ్"నే. అందుకే నాకనిపిస్తుంది, కళ్లు కనబడని తండ్రిని ఈ మాటున్న వంటతోనే మోసం చేయించడం కథకుడి కొంటెతనం. చేతులు, బట్టల వాసన, రుచి, అన్నీ అబద్ధం చెప్పాయి. గొంతు ఒక్కటే నిజం చెప్పింది.

బెరయ పాఠకుడు:
వినడానికి బాగుంది కానీ, అన్నా, ఒకే ధాతువు కదా అని వివేకాన్ని వంటగిన్నెలో వేయలేం. "వేటగాడు" గారు నన్ను మొదట్లో తప్పుపట్టింది ఇందుకే. మోసం సంగతే కావాలంటే సామెతలు 23:3 చాలు. ఆ రుచిగల పదార్థాలను ఆశించవద్దు, అవి "మోసపుచ్చు ఆహారములు" అని పక్కనే ఉంది. ధాతువు జోలికి వెళ్లకుండానే రుచికీ మోసానికీ ముడి అక్కడ కనిపిస్తోంది.

వేటగాడు_27:
సరే, తెలుగులో ఏం పెట్టమంటారు? "కూర" అని చదివితే సంఘమంతా నవ్వుతుంది.

ఒంగోలు వంటిల్లు:
నవ్వితే నవ్వనివ్వండి. "నాకిష్టమైనట్టు వండిన కూర" అంటాను. ఏ కూర అన్నది ఆ "ఇష్టమైనట్టు" చెబుతుంది. ఆ మాట 4లో ఉంది, రిబ్కా వంటకు 9లోనూ 14లోనూ ఉంది. 31లో ఏశావు వండి తెచ్చినప్పుడు మాత్రం లేదు. అది ఊరికే వదిలేశారని నేననుకోను.

వేటగాడు_27:
7లో రిబ్కా భర్త మాటలను కొడుక్కి అప్పజెప్పేటప్పుడూ ఆ మాట లేదు సిస్టర్. అదీ కావాలనేనా?