వేరే ఊరికి బొకే పంపాలంటే అక్కడి పూల షాపుకే నేరుగా ఫోన్ చేయడం మేలా?

తోచక_వచ్చా:

పోయిన నెల మా అక్క పుట్టినరోజుకి ఒక సైట్‌లో బొకే బుక్ చేశాను. తను ఉండేది వేరే ఊరు, అక్కడ నాకు తెలిసిన షాపులేమీ లేవు. సైట్‌లో ఫొటో చూస్తే లేత గులాబీ రంగు రోజాలు, మధ్యలో తెల్ల లిల్లీలు, చుట్టూ పొడిపొడిగా చిన్న తెల్లపూలు, చూడగానే నచ్చేసి వెంటనే డబ్బు కట్టేశాను. అక్క "చాలా బాగుందిరా" అని మెసేజ్ పెట్టింది కానీ ఫొటో పెట్టలేదు, అక్కడే అనుమానం వచ్చింది. గట్టిగా అడిగితే పంపింది. ఎర్ర రోజాలు ఎనిమిది, లిల్లీ ఒక్కటి, అదీ పూర్తిగా విచ్చుకుని రేకులు వెనక్కి వాలిపోయింది, మిగతాదంతా ఆకే. మర్నాటికి రోజాలు తలలు వేలాడేశాయట. కస్టమర్ కేర్‌కి రాస్తే, పూలు దొరికేదాన్ని బట్టి మార్పులుంటాయని షరతుల్లోనే ఉంది, మీరు టిక్ పెట్టారు అన్నారు.

ఇంకో రెండు వారాల్లో అమ్మానాన్నల పెళ్లిరోజు. వాళ్లు ఇప్పుడు అక్క దగ్గరే ఉంటున్నారు, నాకు వెళ్లడం కుదరదు. ఈసారి అక్కడి షాపుకే ఫోన్ చేద్దామనుకుంటున్నా. కానీ ముక్కూమొహం తెలియని షాపుని ఎలా నమ్మాలి, ఫోన్‌లో ఏం అడగాలి? రోజాకీ చామంతికీ తేడా తెలుసు, పూల గురించి నా జ్ఞానం అంతే.

కత్తెర_పట్టిన_చెయ్యి:

పదకొండేళ్లు పూల షాపు నడిపి మానేశాను కాబట్టి కౌంటర్ ఇవతలి వైపు సంగతి చెప్తాను. మీరు బుక్ చేసిన సైట్ దగ్గర చాలాసార్లు పూలుండవు, ఫొటోలుంటాయి. మీ డబ్బు వాళ్ల దగ్గరికి వెళ్తుంది, వాళ్ల వాటా తీసుకుని మిగతాది మీ అక్క ఊళ్లో ఉన్న ఏదో ఒక షాపుకి పంపిస్తారు. ఆర్డర్ తీసుకున్నవాళ్లు 20 శాతం ఉంచుకోవడం ఈ వ్యాపారంలో మామూలు విషయం, మధ్యలో ఒక ఊరి షాపు ఆర్డర్‌ని ఇంకో ఊరి షాపుకి చేరవేసే నెట్‌వర్క్ ఉంటే దాని రుసుము వేరే. ఫొటో తీసింది మీరు కట్టిన పూర్తి ధరకి, బొకే కట్టేవాడి చేతికొచ్చింది దాంట్లో ముప్పాతికకీ తక్కువ. అందులోంచే డెలివరీ కుర్రాడికి కూడా ఇవ్వాలి. మరి ఆకు ఎక్కువ పడక ఏమవుతుంది?

ఇక ఆ లిల్లీ. బొకేలో పంపాల్సింది మొగ్గగా ఉన్న లిల్లీ, రంగు తేలి చివర కొద్దిగా విడుతున్నది. ఇంటికెళ్లాక రెండు మూడు రోజుల్లో ఒక్కొక్కటీ తెరుచుకుంటుంది. పూర్తిగా విచ్చుకున్నది పెట్టారంటే అది రేపటికి అమ్ముడుపోదు కాబట్టి పెట్టారు. బకెట్‌లో మిగిలినవి ఎటు వెళ్తాయో చెప్పనా, మళ్లీ షాపుకి రాని మనిషి ఆర్డర్‌లోకి. మంచి పని కాదు, నేనూ రెండు మూడుసార్లు చేశాను.

రోజాలు తల వేలాడేయడానికి పాతవే కానక్కర్లేదు. కాడ కోసిన చోట గాలి బుడగ చేరినా, నీళ్లలో బ్యాక్టీరియా పెరిగి కాడలోని సన్న గొట్టాలు పూడుకుపోయినా నీరు పైకి ఎక్కదు, మెడ దగ్గర వంగిపోతుంది. ఇంకోసారి ఇలా అయితే పారేయొద్దని అక్కకి చెప్పండి. కాడ చివర నీళ్లలో ముంచి ఉంచి, ఒక అంగుళం ఏటవాలుగా కోసి, పువ్వూ కాడా మొత్తం టబ్‌లో ఓ గంట పడుకోబెడితే చాలావరకు మళ్లీ తల ఎత్తుతాయి.

ఫోన్‌లో మీరు అడగాల్సింది నా లెక్కలో ఒకటే ప్రశ్న. "ఇవాళ మీ దగ్గర ఏవి బాగున్నాయండీ?" అంతే. కట్టే మనిషి అయితే వెంటనే పూల పేర్లు చెప్తారు, ఏవి ఎప్పుడొచ్చాయో చెప్తారు, ఫలానావి వద్దులెండి అని కూడా అంటారు. "అన్నీ ఉన్నాయి సార్, మీకేది కావాలంటే అది" అన్నారంటే ఇంకో నంబర్ చూసుకోండి. ఫొటో పంపి ఇదే కావాలి అనొద్దు, బడ్జెట్ చెప్పండి, ఎవరికి, ఏ సందర్భానికి, ఏ రంగు పడదు అనేది చెప్పండి, మిగతాది వాళ్లకి వదిలేయండి. వదిలేస్తే ఉన్నవాటిలో మంచివి ఏరుతారు, ఫొటో ఇస్తే ఫొటోలా కనబడేవి ఏరుతారు. డెలివరీకి బయల్దేరేముందు ఒక ఫొటో పెట్టమనండి, ఎవరూ కాదనరు. ఇంకోటి, కొత్త షాపుని ఫిబ్రవరి 14న మాత్రం పరీక్షించకండి, ఆ రోజు ఎంత మంచి షాపుకైనా చేతులు చాలవు.

పిల్లి_కాపలా:

ఒక్క మాట చెప్పి పోతా. ఆ ఇంట్లో పిల్లి ఉందేమో కనుక్కోండి. ఉంటే లిల్లీ వద్దే వద్దు. ఆకు కొరికినా, ఒంటి మీద పడిన పుప్పొడిని నాకినా, ఆఖరికి కుండీలో నీళ్లు తాగినా పిల్లికి కిడ్నీలు దెబ్బతింటాయి, ప్రాణం పోవచ్చు. మాకు వచ్చిన బొకేని మా వాడు వాసన చూస్తుంటే నేను పెట్టిన కేక పక్కింటి దాకా వినిపించింది. పిల్లి లేకపోయినా లిల్లీ విచ్చుకోగానే మధ్యలో ఉండే ఆ గోధుమరంగు పుప్పొడి తిత్తుల్ని టిష్యూతో లాగేయమనండి, బట్టకి అంటితే మరక వదలదు, తడిగుడ్డ పెడితే ఇంకా పట్టుకుంటుంది.

నెమ్మదిగా_చదవండి:

కత్తెర గారు చెప్పింది నిజమే గానీ నెట్‌వర్క్ అనగానే మోసం అన్నట్టు అర్థం చేసుకోవద్దు. 1910లో అమెరికాలో కొంతమంది పూల వ్యాపారులు కలిసి టెలిగ్రాఫ్ మీద ఒకరి ఆర్డర్ ఒకరికి పంపుకోవడం మొదలుపెట్టారు, వాళ్లు పెట్టుకున్న నెట్‌వర్క్ పేరు ఎఫ్‌టీడీ, అందులో "టీ" మొదట్లో ఆ టెలిగ్రాఫే. అటూ ఇటూ రెండువైపులా నిజంగా పూలమ్మే షాపులే ఉండేవి. ఇక్కడ కట్టాల్సిన బొకే అక్కడ కట్టారు, అంతే తేడా. ఇప్పుడొచ్చిన చిక్కల్లా రెండు చివర్లలో ఒకవైపు షాపే లేకుండా ఫోన్ నంబరూ సైటూ మాత్రమే పెట్టుకుని కూర్చున్నవాళ్లతో.

నేను ఒకసారి వేరే దేశంలో ఉన్న స్నేహితుడింట్లో వాళ్ల నాన్నగారు పోతే పూలు పంపాల్సి వచ్చింది. అక్కడి భాష రాదు, అలాంటప్పుడు ఏ రంగు పంపితే తప్పుపడతారో తెలియదు. మా ఊరి షాపుకి వెళ్లి అడిగితే వాళ్లే నెట్‌వర్క్‌లో అక్కడి షాపు చూసి పెట్టారు, పద్ధతిగా వెళ్లింది. ఆ 20 శాతం నాకు దండగ అనిపించలేదు.

ఇంకో సంగతి, మ్యాప్‌లో "ఊరి పేరు ఫ్లవర్స్" అని కనిపించిన ప్రతిదీ ఆ ఊరి షాపు కాదు. ఊరి పేరు తగిలించుకుని ఎక్కడో ఉండి ఆర్డర్లు పట్టేవాళ్లున్నారు. షాపు ముందు భాగం ఫొటో, బోర్డు, బకెట్లు కనబడుతున్నాయా చూడండి. ఫోన్ చేసి "షాపుకి ఎలా రావాలి, పక్కన ఏముంది?" అని ఊరికే అడగండి. నిజంగా అక్కడున్న మనిషి తడుముకోకుండా చెప్తాడు.

కత్తెర_పట్టిన_చెయ్యి:

ఆ చివరి చిట్కా బావుందండీ, నాకు తట్టలేదు. నెట్‌వర్క్ ఆర్డర్లు మేమూ తీసుకునేవాళ్లం, ఖాళీ రోజుల్లో షాపు నడిచేది వాటితోనే. కొందరు పంపేవాళ్లు నాకు నేరుగా ఫోన్ చేసి మాట్లాడేవాళ్లు కూడా, అలాంటివాళ్లకి ఒక పువ్వు ఎక్కువే పడేది. మనిషి గొంతు విన్నాక తక్కువ పెట్టడానికి చెయ్యి రాదు.

కుండీ_ఎక్కడ:

అందరూ పంపేవాళ్ల గురించే రాస్తున్నారు, పూలు అందుకున్నవాళ్ల అవస్థ ఎవరికీ పట్టదా? నాకు ఆఫీసుకి వెళ్లే హడావుడిలో తలుపు కొట్టి చేతిలో ఇంత బొకే పెట్టి వెళ్లిపోయారు. ఇంట్లో కుండీ లేదు. నీళ్ల జగ్గులో పెడితే తలబరువుకి ఒరిగింది, ఆఖరికి స్నానాల బకెట్‌లో పెట్టి వెళ్లాను, సాయంత్రం వచ్చి అక్కడే చూసుకున్నాను. మీ అమ్మానాన్నలకి అయితే కుండీతో సహా గానీ, బుట్టలో స్పాంజికి గుచ్చి గానీ ఇవ్వమనండి. పెద్దవాళ్లు కాడలు కోసుకుంటూ కూర్చోలేరు. స్పాంజి అయితే ఒకటి గుర్తుంచుకోవాలి, రోజూ కాసిని నీళ్లు పోస్తూ ఉండాలి, ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ నీరు పీల్చదు, పైన పోసిందంతా పక్కల నుంచి కారి టేబుల్ మీదికొస్తుంది (మా టేబుల్ సాక్షి).

ఇంకా, పూలని పళ్ల బుట్ట పక్కన పెట్టొద్దని చెప్పండి. మాగుతున్న పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, దానికి పూలు తొందరగా వడలిపోతాయి, కార్నేషన్లు మరీనూ. మా ఇంట్లో అరటిపళ్ల పక్కన పెట్టిన కార్నేషన్లు విచ్చుకోకుండా ముడుచుకుపోతుంటే షాపుని తిట్టుకున్నాను, పాపం వాళ్ల తప్పేం లేదు.

తోచక_వచ్చా:

అందరికీ థాంక్స్. పిల్లి లేదు, కుండీ కూడా లేదు, అక్కని అడిగా. రెండు షాపులకి ఫోన్ చేశాను. మొదటివాళ్లు అచ్చం కత్తెర గారు రాసినట్టే "అన్నీ ఉన్నాయి సార్" అన్నారు, నవ్వు ఆపుకుని పెట్టేశాను. రెండోచోట ఒకావిడ ఎత్తారు. ఏవి బాగున్నాయని అడిగితే, "రోజాలు మొన్నటివండీ, అవి మీకు ఇవ్వను. కార్నేషన్లు, చామంతులు పొద్దున్నే దిగాయి. మీకు కావాల్సింది గురువారం కదా, బుధవారం సరుకొస్తుంది, వచ్చాక చూసి చెప్తాను" అన్నారు. తర్వాత అమ్మగారికి ఏ రంగు ఇష్టం అని అడిగారు. నాకు తెలియదు. లైన్‌లోనే ఉంచి ఇంకో ఫోన్‌లో అక్కకి చేసి కనుక్కోవాల్సి వచ్చింది, పసుపట. ముప్పై ఏళ్లు కలిసి ఉన్నాం, సిగ్గేసింది.

తోచక_వచ్చా:

అప్‌డేట్. పసుపు కార్నేషన్లు, తెల్ల చామంతులు, నాలుగు నారింజ జెర్బెరాలు, పొట్టి గాజు కుండీలో కట్టి పంపారు. బయల్దేరేముందు ఫొటో పెట్టారు, అక్క పంపిన ఫొటోలోనూ అవే పూలు. నేను అనుకున్నదానికన్నా చిన్నదే గానీ నిండుగా ఉంది.

ఒకటే తేడా జరిగింది, అది నా వల్లే. కార్డు మీద ఏం రాయాలో ఫోన్‌లో చెప్పాను, "పెళ్లిరోజు శుభాకాంక్షలు, కింద మీ అబ్బాయి అని రాయండి" అన్నాను. ఆవిడ ఎవరికో చెప్పి రాయించారట, కార్డు మీద ఒకే లైనులో "పెళ్లిరోజు శుభాకాంక్షలు, కింద మీ అబ్బాయి" అని వచ్చింది. అమ్మ అది చదివి నేను చెప్పకుండా వచ్చేశాననుకుని బాల్కనీలోకి వెళ్లి కిందకి చూసిందట. నాన్న చెప్పులు వేసుకుని లిఫ్ట్ దాకా వెళ్లాడట.

కత్తెర_పట్టిన_చెయ్యి:

హహ. కార్డు మాటలు ఎప్పుడూ మెసేజ్‌లో రాసి పంపాలని చెప్పడం మర్చిపోయాను, నాదీ తప్పే. మా షాపులో ఇంతకన్నా ఘోరాలు జరిగాయి. జెర్బెరాలు ఎలా ఉన్నాయి?

తోచక_వచ్చా:

ఇవాళ్టికి తొమ్మిదో రోజు. కార్నేషన్లు ఇంకా నిలబడే ఉన్నాయి, చామంతులకి కింది ఆకులు పసుపెక్కితే అక్క తుంచేసిందట. జెర్బెరాలు మాత్రం రెండు కాడ మెత్తబడి మధ్యకి విరిగి పడిపోయాయి. నీళ్లు రోజు విడిచి రోజు మారుస్తున్నారు, కుండీ నిండా పోస్తున్నారు కూడా.

కత్తెర_పట్టిన_చెయ్యి:

నిండా పోయడం వల్లేనండీ. జెర్బెరా కాడకి నూగు ఉంటుంది, నీళ్లలో ఎక్కువ మునిగితే కుళ్లుతుంది. మిగిలిన రెండింటినీ తీసి, మెత్తబడ్డ మేర కోసేసి, వేరే గ్లాసులో రెండంగుళాల నీళ్లలో పెట్టమనండి. ఇంకో మూడు రోజులు రావచ్చు.