పెళ్లి, పిల్లలు లేని నాకు వీలునామా చాలా, ట్రస్టు కావాలా?

కంటోన్మెంట్ టీచరమ్మ, విజయనగరం:

నాకు అరవై మూడేళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. అమ్మానాన్నలు లేరు. కంటోన్మెంట్‌లో నా జీతంతో కట్టుకున్న ఇల్లుంది. గజపతినగరం దగ్గర నాన్న ఇచ్చిన మామిడి తోట, కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, పెన్షన్ ఉన్నాయి. అన్నయ్య పోయాడు, వదిన, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అక్క బొబ్బిలిలో, తమ్ముడు విశాఖలో. అందరితోనూ రాకపోకలున్నాయి.

అమెరికాలో ఉన్న మేనల్లుడు "లివింగ్ ట్రస్టు పెట్టేయ్ అత్తా, ఇక్కడ చాలామంది అదే చేస్తారు" అంటున్నాడు. అంటే బతికుండగానే ఆస్తిని ట్రస్టుకు రాసి, ట్రస్టీ అనే మనిషి చూసుకునేలా చేయడమట. ఇక్కడ ఎవరినడిగినా "వీలునామా రాసి రిజిస్టర్ చేయించు, చాలు" అంటున్నారు. నేను పోయాక ఎవరికేం దక్కుతుందన్న బెంగ నాకు లేదు. పక్షవాతం వచ్చి మంచాన పడితేనో, మతిమరుపు ముదిరితేనో నా డబ్బు తీసి నా మందులకు ఖర్చుపెట్టే అధికారం ఎవరికుంటుంది? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

ఇంకో కోరిక కూడా ఉంది. నేను పనిచేసిన స్కూల్లో టెన్త్ పాసైన ఆడపిల్లలు డబ్బుల్లేక ఇంటర్ మానెయ్యకుండా ఏటా కొంత సాయం అందాలి. ఇవన్నీ ఒకే ట్రస్టులో పెట్టొచ్చా?

కోర్టు రోడ్ ప్లీడరు, విజయనగరం:

మేడమ్, అమెరికాలో ట్రస్టు పెట్టుకోవడానికి పెద్ద కారణం ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు చేత తేల్పించుకోవడం, దాని ఖర్చు, ఆలస్యం తప్పించుకోవడం. మన జిల్లాల్లో వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. కాబట్టి మీ మేనల్లుడి కారణం మీకు వర్తించదు. కానీ మీరు చెప్పిన కారణం మాత్రం గట్టిది. వీలునామా మీరు పోయాకే పనిచేస్తుంది, బతికుండగా దానితో ఒక్క రూపాయి కూడా కదలదు.

అసలేమీ రాయకపోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఆస్తి మీ నాన్నగారి వారసులకు పోతుంది. అంటే తమ్ముడికో వాటా, అక్కకో వాటా, మీ వదినకూ పిల్లలకూ కలిపి ఒక వాటా.

మీ కుటుంబం వరకు పెట్టేది ప్రైవేటు ట్రస్టు. దానికి 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం ఉంది. ఇల్లు, భూమి అందులో పెడితే ట్రస్టు దస్తావేజు (డీడ్) రిజిస్టర్ కావాల్సిందే. ఆడపిల్లల చదువు సంగతి వేరు, అది ధర్మకార్యం. మన ఊళ్లో ట్రస్టు అనగానే 1958లో పి.వి.జి. రాజు గారు పెట్టిన మాన్సాస్ గుర్తొస్తుంది కదా, అది పబ్లిక్ ట్రస్టు. కుటుంబ ట్రస్టునూ ధర్మకార్యాన్నీ ఒకే డీడ్‌లో కలిపితే పన్ను లెక్కల దగ్గర చిక్కులొస్తాయి. స్కూలుకు ఇవ్వదలచింది విడిగా పెట్టండి.

అరసవల్లి అమ్మాయి, శ్రీకాకుళం:

అమ్మా, ఇది మా ఇంట్లో జరిగింది, అందుకే రాస్తున్నాను. మా దొడ్డమ్మ నర్సుగా రిటైరయింది, పెళ్లి చేసుకోలేదు. ముందుచూపున్న మనిషి. తన తరఫున లావాదేవీలు చూసే అధికారమిస్తూ నా పేర జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసిచ్చింది, వీలునామా కూడా రిజిస్టర్ చేయించింది. తర్వాత మతిమరుపు జబ్బు వచ్చింది. డిపాజిట్ తీయడానికి బ్యాంకుకి వెళ్తే, ఆవిడకు తెలివి ఉన్నంతవరకే జీపీఏ చెల్లుతుందన్నారు. చట్టమూ అంతేనట. పోనీ ఆవిడ చేతే సంతకం పెట్టిద్దామని పెన్ను ఇస్తే, విత్‌డ్రాయల్ ఫారం మీద వరసగా చుక్కలు పెట్టి ముగ్గు కలపడం మొదలెట్టింది. మేనేజరు గారు ఫారం వెనక్కి తీసుకుని ఇంకేమీ మాట్లాడలేకపోయారు.

ఆవిడ డబ్బు బ్యాంకులో ఉంది, ఆసుపత్రి బిల్లులు మాత్రం మేం అప్పు చేసి కట్టాం. చివరికి హైకోర్టులో రిట్ వేసి గార్డియన్ ఆర్డరు తెచ్చుకోవాల్సి వచ్చింది. 2017లో వచ్చిన కొత్త మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి గార్డియన్‌ను పెట్టే దారి లేదని అప్పుడే తెలిసింది. మీరు ఆరోగ్యంగా ఉండగానే ఏదో ఒకటి చేసేయండి. దయచేసి వాయిదా వెయ్యకండి.

రిటైర్డ్ క్యాషియర్, బొబ్బిలి:

అంత పెద్ద ట్రస్టు ఎందుకండీ? డిపాజిట్లను నమ్మకస్తుల పేరు కలిపి "ఐదర్ ఆర్ సర్వైవర్" జాయింటుగా, అంటే ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్చుకోండి, సగం సమస్య తీరుతుంది. కానీ ఆ రెండో మనిషి మొత్తం తీసేసినా అడిగే నాథుడు ఉండడు. నామినీ ఉంటే చాలనుకునేవాళ్లను చాలామందిని చూశాను. 2025 నవంబరు నుంచి నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, నిజమే. అయితే నామినీకి డబ్బు అందేది మనం పోయాకే. అప్పుడు కూడా బ్యాంకు ఆ డబ్బు అతని చేతికిస్తుందంతే, సొంతదారు కాడు.

కంటోన్మెంట్ టీచరమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. అరసవల్లి అమ్మాయీ, నువ్వు రాసింది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దొడ్డమ్మను చూసుకున్నందుకు నీకు దణ్ణం తల్లీ.

ప్లీడరు గారూ, రెండు సందేహాలు. ట్రస్టులో పెట్టాక నా ఇంట్లో నేనే అద్దెకున్నట్టు అయిపోతుందా? రేపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా? ఇల్లు ఇప్పుడే మేనకోడలికి గిఫ్టు రాసెయ్యమని కూడా ఒకరన్నారు.

కోర్టు రోడ్ ప్లీడరు:

గిఫ్టు రాస్తే ఇల్లు ఆ రోజే మీది కాకుండా పోతుంది. రాయాలనుకుంటే, నన్ను చూసుకోవాలి అన్న షరతు దస్తావేజులోనే ఉండాలి. అప్పుడు 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌కు వెళ్లి రద్దు చేయించుకునే వీలుంటుంది. ఆ వయసులో ఆర్డీఓ ఆఫీసు మెట్లెక్కాలా అన్నది ఆలోచించండి.

ట్రస్టులో మొదటి ట్రస్టీ మీరే ఉండొచ్చు. బతికున్నన్నాళ్లూ లబ్ధిదారు మీరు, తర్వాత ఎవరన్నది కూడా అందులోనే రాయాలి. ట్రస్టీ, లబ్ధిదారు రెండూ మీరొక్కరే అయితే అది ట్రస్టుగా నిలవదు. రద్దు చేసుకునే హక్కు నాకుంది అని స్పష్టంగా రాయించండి. ఆ మాట లేకపోతే లబ్ధిదారులంతా ఒప్పుకుంటే తప్ప వెనక్కి రాదు. ఆ హక్కు ఉంచుకున్నన్నాళ్లు ట్రస్టు ఆదాయం మీ ఆదాయం కిందే పన్నుకు వస్తుంది, అందులో మీకు కొత్త భారమేమీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పేరా ఒకటుంది. మీకు తెలివి తప్పిందని ఎవరు తేల్చాలి? ఇద్దరు డాక్టర్లు రాసిస్తే అని పెట్టండి. అప్పుడు ట్రస్టీ బాధ్యత ఎవరికి వెళ్తుంది, వాళ్లు లేకపోతే ఎవరికి, ఏటా లెక్కలు ఎవరికి చూపాలి, ఇవన్నీ విడమరిచి రాయాలి. చూసేవాళ్లు, లెక్క అడిగేవాళ్లు వేరువేరుగా ఉండాలి. పెన్షన్ మాత్రం మీ పేరునే వస్తుంది. స్టాంపు డ్యూటీ ఎంతవుతుందో ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి, ఇంటి విలువ మీద కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు.

వైద్యం నిర్ణయాలకు ట్రస్టు పనికిరాదు. వెంటిలేటరు మీద ఉంచాలా వద్దా అన్నదానికి లివింగ్ విల్ ఉంది, అంటే మన కోరికను ముందే రాసిపెట్టే కాగితం. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో పద్ధతి సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు.

కంటోన్మెంట్ టీచరమ్మ:

ఇప్పుడు దారి కనబడింది. ఇల్లు, డిపాజిట్లు ట్రస్టులో పెడతాను. నా తర్వాత ట్రస్టీ మేనకోడలు, లెక్కలు చూసేది తమ్ముడు. తోట నాన్నది కాబట్టి అన్నయ్య పిల్లలకు వీలునామా రాస్తాను, స్కూలు సొమ్మూ అందులోనే విడిగా రాస్తాను. మా ఇంట్లో వంట చేసే మనిషి నాకు తోడుగా వెనక గదిలో ఉంటోంది. నేనున్నన్నాళ్లూ ఆమెను అక్కణ్ణుంచి కదపకూడదని కూడా డీడ్‌లో రాయిస్తాను. చిత్తు కాగితం తయారయ్యాక, సంతకాలకు ముందే అక్కనీ వదిననీ పిలిచి అందరి ఎదుటా చదివిస్తాను.