ట్వంటియత్ సెంచురీ బాయ్స్ చివర్లో కెంజీ సారీ చెప్పడమేంది? (స్పాయిలర్లున్నాయి)

కాజీపేట జంక్షన్:
ఈ జపాన్ బొమ్మల కథ (మాంగా) నిన్న రాత్రి మూడింటికి అయిపోయింది. 22 భాగాలు, పైన ట్వంటీఫస్ట్ అని ఇంకో 2. రాసిన ఉరసావా మీద గౌరవం అట్లనే ఉంది గానీ ఒక్కటి మింగుడు పడట్లేదు. హీరో కెంజీ, వాడి దోస్తులు చిన్నప్పుడు ఆటకు రాసుకున్న పుస్తకం పట్టుకుని 'ఫ్రెండ్' అనేటోడు ఒక మతం పెట్టి, వైరస్ వదిలి, ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేశాడు. ఆ దోస్తుల్లో ఒకడు ఓచ్చో ఏళ్లకేళ్లు సముద్రం మధ్య జైల్లో మగ్గాడు, కన్నా అనే పిల్ల తన మామ కెంజీ చచ్చిపోయాడనుకునే పెరిగింది. ఇంత అయ్యాక కెంజీ బాల్యంలోకి పోయి అప్పుడు తాను చేసిన బ్యాడ్జి దొంగతనం లెక్క సరిచేస్తాడు! ఆ నింద మీద పడ్డ ఇంకో పిల్లాడికి సారీ అట. ఇన్ని లక్షల శవాలకు పగ ఎవరు తీర్చాలి?

సుబేదారి బ్యాచ్:
నీకు క్లైమాక్స్ ఫైటు కావాలి తమ్మీ, అంతే.

రాత్రి డ్యూటీ:
ఫైటు సంగతి పక్కన పెడితే, ఈ మాంగా మొదలైంది 1999లో. అంతకు నాలుగేళ్ల ముందే, 1995 మార్చి 20న, ఓం షిన్రిక్యో అనే మత గుంపు వాళ్లు టోక్యో మెట్రో రైళ్లలో సారిన్ అనే విషం నింపిన ప్లాస్టిక్ సంచులు కింద పెట్టి, మొన చెక్కిన గొడుగులతో పొడిచి దిగిపోయారు. వాళ్లలో డాక్టరు ఉన్నాడు, సైన్సు పెద్ద చదువులు చదివినోళ్లు ఉన్నారు. గురువు అసహారాకు 2004లో మరణశిక్ష పడింది, 2018 జులైలో అతనితో కలిపి 13 మందిని ఉరి తీశారు. అంటే నువ్వు అడిగే లెక్క ప్రకారం అయిపోయినట్టే కదా? కానీ కోర్టులో అతను ఏదో గొణుక్కుంటూ కూర్చున్నాడు తప్ప ఎందుకు చేశాడో తిన్నగా చెప్పనే లేదు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నోళ్లు ఇంకెవరిని అడగాలి?

సుబేదారి బ్యాచ్:
సరే, సీరియస్‌గానే చెప్తా. 2008 డిసెంబర్ గుర్తుందా? మన వరంగల్‌లోనే ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు పోలీసు ఎన్‌కౌంటర్‌లో పోయారు. అప్పుడు నేను ఇంటర్. హాస్టల్లో మైసూర్‌పాక్ పంచితే రెండు ముక్కలు తీసుకున్నా, ఒకటి కాగితంలో చుట్టి రాత్రికి దాచుకున్నా కూడా. 2019లో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితులు నలుగురిని కాల్చినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు, నేనూ స్టేటస్ పెట్టిన. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో చంపాలనే కాల్చారని తేల్చింది, ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. స్టేటస్ అయితే 24 గంటల్లో పోయింది. ఈ మాంగాలో 'ఫ్రెండ్' కోసం ఊగిపోయే జనాన్ని చూసి పిచ్చోళ్లనుకుంటుంటే, ఎందుకో ఆ కాగితం పొట్లం గుర్తొచ్చి పుస్తకం మూసేసిన.

పరకాల పిల్ల:
నాకైతే ఆ బ్యాడ్జి సీనే నిజంగా అనిపించింది. మా చిన్నమ్మ ఆరేళ్లు ఒక స్వామి ఆశ్రమంలో ఉండి వచ్చింది. పుస్తెలతాడుతో సహా అక్కడే పోయింది, ఇప్పుడు మెడలో పసుపు కొమ్ము కట్టిన దారమే. ఆ స్వామి గురించి అడిగితే 'వాడి పాపాన వాడే పోతడు' అని బియ్యం ఏరుకుంటూ కూర్చుంటది. ఆమె కోపమంతా మా నాన్న మీద. మొదటిసారి సత్సంగానికి బండి మీద దింపి వచ్చింది ఆయనే, తిరిగొచ్చాక 'నీకు బుద్ధి ఉండాలి' అన్నదీ ఆయనే. నేనే తీసుకపోయిన అని ఒక్కసారి అంటే చాలంటది. నాన్న ఇప్పటిదాకా అనలేదు, పండక్కి చీర మాత్రం పంపిస్తడు.

కాజీపేట జంక్షన్:
అక్కా, చిన్నమ్మ ఆ చీర కడతదా?

పరకాల పిల్ల:
బీరువాలో పెడతది. నాలుగైనయి.