ఇంట్లో చేసిన ఆవిరి ఇంజనుకు బాయిలర్ కూడా మనమే చేయాలా?

ప్రశ్న (విజయవాడ సభ్యుడు):
ఇంట్లోని చిన్న లేత్ మీద స్టువర్ట్ 10వి అనే చిన్న నమూనా నిలువు ఆవిరి ఇంజనును పోత భాగాల నుంచి పూర్తి చేశాను. సిలిండర్ లోపలి వ్యాసం, పిస్టన్ నడక రెండూ 19 మిల్లీమీటర్లే. కంప్రెసర్ గాలితో చక్కగా తిరుగుతోంది. రాగి బాయిలర్ కూడా నా చేతులతోనే చేసి దీన్ని ఆవిరి మీద నడపాలని నా కోరిక. గాలితోనే సరిపెట్టుకొమ్మని మిత్రులు గట్టిగా చెబుతున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

సమాధానం (హైదరాబాద్ సభ్యుడు):
మీ మిత్రులు చెప్పినదే సరైనదని నా అభిప్రాయం. లేత్ పనిలో కొలత తప్పితే ఒక ముక్క పాడవుతుంది, అంతే. బాయిలర్ అతుకులో లోపం ఉంటే అది కంటికి కనబడదు, ఆవిరి నిండిన తరువాతే బయటపడుతుంది. 2025 నాటి బాయిలర్ల చట్టం 25 లీటర్ల కంటే తక్కువ పరిమాణం గలవాటిని బాయిలర్లుగా లెక్కించదు కనుక, మనం చేసుకొనే చిన్న బాయిలర్‌ను తనిఖీ చేయవలసిన అధికారి అంటూ ఎవరూ ఉండరు. కొందరికి ఇది వెసులుబాటుగా తోస్తుంది. నాకు మాత్రం భయం కలిగిస్తుంది. బ్రిటన్‌లో నమూనా ఇంజన్ల సంఘాలు కొత్త బాయిలర్‌ను పని పీడనానికి రెట్టింపు నీటి పీడనంతో పరీక్షించిన తరువాతే నడపనిస్తాయి. మన దగ్గర పక్కన నిలబడి తప్పు పట్టే మనిషి ఎక్కడున్నాడు?

సమాధానం (బ్రిటన్‌లో ఉంటున్న సభ్యుడు):
ఈ జాగ్రత్తను నేను గౌరవిస్తాను, కానీ గాలితో ఆగిపొమ్మనడాన్ని ఒప్పుకోలేను. గాలితో తిరిగే ఇంజను ఆవిరి ఇంజను స్వభావాన్ని మనకు సగమే చూపుతుంది. చల్లని సిలిండర్‌లోకి వెళ్ళిన ఆవిరి నీరుగా మారి పిస్టన్‌కు అడ్డుపడుతుంది. మీ ఇంజనులో సిలిండర్‌కు ఆవిరిని వదిలే స్లైడ్ వాల్వ్ (జారే పలక) తన పీఠం నుంచి కొద్దిగా లేచి ఆ నీటికి దారి ఇస్తుంది, అదే గొట్టంలో బిగుతుగా కదిలే పిస్టన్ వాల్వ్ అయితే ఆ అవకాశం ఉండదు. నూనె అందించే డిస్‌ప్లేస్‌మెంట్ లూబ్రికేటర్‌లో ఆవిరి చల్లబడి నీరై అడుగుకు చేరి, పైనున్న నూనెను కొద్దికొద్దిగా గొట్టంలోకి తోస్తుంది; గాలి మీద ఆ పరికరం పనిచేయనే చేయదు.

ఇక బాయిలర్ విషయం. 75 మిల్లీమీటర్ల వ్యాసం గల రాగి గొట్టం చదరపు సెంటీమీటరుకు 4 కిలోల పీడనాన్ని తేలికగానే తట్టుకుంటుంది. మన దృష్టి ఉండవలసింది చదునైన మూతల మీద: ఒక్కొక్క మూత మీద దాదాపు 175 కిలోల తోపుడు పడుతుంది, అందుకే రెండు మూతలనూ స్టే కడ్డీలతో కలిపి బిగించాలి. సీసం, తగరం కలిసిన మెత్తని సోల్డర్ (అతుకు వేసే లోహం) 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. ఆ పీడనం వద్ద ఆవిరి వేడి 150 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, 600 డిగ్రీలు దాటితే గానీ కరగని, వెండి కలిసిన సిల్వర్ సోల్డర్ తప్ప మరేదీ వాడకూడదు. వాల్వులు బిగించడానికి బాయిలర్‌కు అతికే బుష్‌లను (చిన్న లోహపు కట్లను) ఇత్తడితో చేయకండి. వేడి నీటిలో దానిలోని జింకు మెల్లగా కరిగిపోయి లోహం గుల్లబారుతుంది. వాటిని కంచుతోనే చేయాలి. బాయిలర్‌ను నీటితో పూర్తిగా నింపి, లోపలి గాలినంతా వెళ్ళగొట్టి, చేతి పంపుతో 8 కిలోల దాకా ఎక్కించి చూడండి. నీరు దాదాపుగా కుదించుకుపోదు కనుక అతుకు వీడినా చిమ్మి ఆగిపోతుంది. ఈ పరీక్ష గాలితో మాత్రం ఎన్నడూ చేయకూడదు. నా మొదటి బాయిలర్ ఈ పరీక్షలోనే ఒక స్టే చివర చెమర్చింది. అది పొయ్యి మీద తెలియవలసిన సంగతి కాదు.

తిరుగు సమాధానం (హైదరాబాద్ సభ్యుడు):
నీటి పరీక్ష గురించి మీరు చెప్పినదాన్ని పూర్తిగా అంగీకరిస్తున్నాను. అయినా అసలు చిక్కు అంతకు ముందే ఉంది. రాగి వేడిని ఎంత త్వరగా లాగేసుకుంటుందో మొదటిసారి చేసేవారికి తెలియదు. చిన్న టార్చితో మొదలుపెడితే సోల్డర్ పైపైన ముద్దకట్టి, అతుకు లోపలికి పారదు. అటువంటి అతుకు ఒక్కోసారి నీటి పరీక్షను కూడా దాటిపోతుంది. విజయవాడ మిత్రులకు నా మనవి ఇది: ముందు పనికిరాని రాగి రేకు ముక్కలను జతగా అతికి, వాటిని రంపంతో అడ్డంగా కోసి, సోల్డర్ అవతలి అంచు దాకా పారిందో లేదో చూడండి. వరుసగా అయిదారు ముక్కలు అలా వచ్చిన తరువాతే అసలు గొట్టం మీద రంపం పెట్టండి.