ఐదో గ్లాసుకల్లా రెడ్ వైన్లన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. రుచి చూసే పద్ధతి, తోటలో చూడాల్సినవి చెప్పగలరా?

కొత్తగుత్తి:

ఒకే రోజు రెండు ద్రాక్షతోటలు చూసి, ఒక్కోచోట ఆరేసి వైన్లు రుచి చూడాలని ఆలోచన. తెలిసినవాళ్లు వీటికి జవాబు చెప్పండి.

మొదటి రెండు మూడు గ్లాసుల్లో తేడా బాగానే తెలుస్తుంది. ఆ తర్వాత నోరు పట్టేసి రెడ్లన్నీ ఒకటే అనిపిస్తాయి. ఇది అలవాటు లేకపోవడమా, పద్ధతి తప్పా? ఉమ్మేస్తే రుచి సగమే తెలుస్తుందంటారు, నిజమేనా? తోటలో ఏం గమనిస్తే తర్వాత గ్లాసులో ఉన్నది అర్థమవుతుంది? పీపాలోంచి తీసి ఇచ్చే నమూనాను ఎలా అంచనా వెయ్యాలి?

వగరుమాట:

చాలావరకు పద్ధతి తప్పే. వగరు పేరుకుపోవడమన్నది ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా తప్పదు. రెడ్ వైన్‌లోని టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టేస్తాయి. నోట్లో జారుడు ఉండేదే ఆ ప్రొటీన్ల వల్ల కాబట్టి, అవి పోగానే చిగుళ్లూ బుగ్గలూ గరుకెక్కుతాయి. లాలాజలం మళ్లీ ఊరకముందే ఇంకో గుటక వేస్తే, కిందటి గ్లాసు వగరు కూడా ఈ వైన్ ఖాతాలో పడుతుంది. అందుకే రెడ్‌కీ రెడ్‌కీ మధ్య కనీసం రెండు నిమిషాలు ఆగండి. ఒట్టి నీళ్లతో వగరు అంత తేలిగ్గా పోదు. ఉప్పూ వెన్నా లేని చప్పటి బ్రెడ్ ముక్క నమిలి, ఆపైన నీళ్లు తాగితే మెరుగు. చీజ్ మాత్రం చివరికి ఉంచుకోండి. దాని కొవ్వు, ప్రొటీను వగరును కప్పేస్తాయి కాబట్టి నాసిరకం వైన్ కూడా మెత్తగా అనిపిస్తుంది.

వరుస కూడా ముఖ్యం. బుడగల వైన్, తీపి లేని వైట్, రోజే (గులాబీరంగు వైన్), పలచటి రెడ్, చిక్కటి రెడ్, ఆఖరున తీపి వైన్. తీపిది మధ్యలో తాగితే దాని తర్వాత వచ్చేది ఎంత మంచిదైనా పుల్లగా, బోడిగా ఉంటుంది. వాళ్లు వేరే వరుసలో పోస్తుంటే, ఫలానాది చివర ఇవ్వండని అడగొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక కొలత. రుచికి పోసేది మామూలుగా 50 మిల్లీలీటర్లు. పన్నెండు గ్లాసులంటే 600, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలో అయిదింట నాలుగు వంతులు. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ అయితే అరవై గ్రాముల ఆల్కహాల్ ఒంట్లోకి వెళ్లినట్టు. ఆ స్థితిలో నాలుక ఏం చెప్పినా నమ్మక్కర్లేదు. 25-30 పోయమనండి. ఒక్కో గుటకకు పదిహేను చాలు, రెండు గుటకలొస్తాయి.

గ్లాసు చేతికొచ్చాక తిప్పకుండా ఒకసారి వాసన చూడండి. తేలిగ్గా ఎగిరిపోయే వాసనలు, కొన్ని దోషాలు అప్పుడే దొరుకుతాయి. తర్వాత కాడ పట్టుకుని నాలుగైదుసార్లు తిప్పి మళ్లీ చూడండి. గట్టిగా ఊపిరి పీల్చకుండా రెండు మూడు చిన్న చిన్న ఆఘ్రాణాలు, ఆపైన అర నిమిషం విరామం. ఒకే వాసనలో ముక్కు పెట్టి కూర్చుంటే క్షణాల్లో అలవాటుపడి అది కనిపెట్టడం మానేస్తుంది. వాసన పోయిందనుకుంటాం గానీ పోయింది ముక్కు చురుకు.

నోట్లో పోసుకున్నాక ఐదారు సెకన్లు అన్ని వైపులా తిప్పి, పెదాలు సన్నగా తెరిచి కాస్త గాలి లోపలికి లాగండి. ఉమ్మేశాక వెంటనే మూసిన నోటితో ముక్కులోంచి గాలి వదలండి. రుచి అనుకునే దాంట్లో ఎక్కువ భాగం గొంతు వెనకనుంచి ముక్కుకు చేరే వాసనే. ఉమ్మినా అది దక్కుతుంది. పులుపు కొలవాలంటే తల కాస్త వంచి నోరు ఎంత వేగంగా ఊరుతోందో చూడండి. వగరుకు పైపెదవికీ చిగుళ్లకూ మధ్య నాలుక ఆనించి చూడండి. ఆల్కహాల్‌ది గొంతులో వెచ్చదనం. ఉమ్మితే పూర్తిగా అందనిది ఇదొక్కటే, దానికి ఒక్క చుక్క మింగితే సరిపోతుంది. ఉమ్మినా కొంత ఆల్కహాల్ ఒంట్లోకి చేరుతుంది కాబట్టి ఉమ్మేస్తున్నాం కదా అని బండి నడపకూడదు.

తేటనీరు:

పైన చెప్పినదానికి ఒక చేర్పు. తీపి నాలుక కొసకూ, పులుపు పక్కలకూ, చేదు వెనకకూ తెలుస్తుంది కదా, అందుకే గ్లాసు అంచు సన్నగా ఉంటే వైన్ కొసమీద పడి తీపి ముందు తెలుస్తుంది. గ్లాసు ఎంపికలో ఇది చూసుకోవాలి.

తీగజాడ:

తేటనీరు గారూ, ఆ నాలుక పటం తప్పండీ. 1901లో వచ్చిన ఒక జర్మన్ పరిశోధన వ్యాసాన్ని తర్వాతివాళ్లు తప్పుగా చదవడంతో పుట్టిన అపోహ అది. నాలుకమీద రుచిమొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి, చోటును బట్టి సున్నితత్వంలో తేడా స్వల్పం. గ్లాసు ప్రభావం వాసన మీద: పొట్ట వెడల్పుగా, మూతి ఇరుగ్గా ఉంటే వాసన నిలుస్తుంది. రుచిచూపులకు వాడే ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) ప్రామాణిక గ్లాసు అలాంటిదే, నిండా పోస్తే సుమారు 215 మిల్లీలీటర్లు పడుతుంది, పోసేది 50. రోజంతా ఒకే ఆకారం గ్లాసు వాడితే చాలు.

తోట సంగతికొద్దాం. ముందు కాలం చూసుకోండి. ఉత్తరార్ధగోళంలోని సమశీతోష్ణ దేశాల్లో కాయ రంగు తిరిగేది జూలై-ఆగస్టుల్లో, కోత ఆగస్టు చివరినుంచి అక్టోబరు దాకా. దక్షిణాన కోత ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్య. కోతల్లో వెళ్తే చూడ్డానికి బోలెడంత ఉంటుంది, మాట్లాడ్డానికి మాత్రం మనిషి దొరకడు. రంగు తిరిగాక, సరిగ్గా కోతకు ముందరి రెండు మూడు వారాలు నాకైతే అన్నిటికన్నా మంచి అదను.

తీగ దగ్గర మొదట గుత్తుల చుట్టూ ఆకు చూడండి. ఆకు తీసేసి ఎండ తగలనిచ్చారా, కమ్మేసి ఉందా? కాబర్నే సావిన్యాన్, సావిన్యాన్ బ్లాంక్ లాంటి రకాల్లో పచ్చి క్యాప్సికమ్ వాసననిచ్చే పైరజీన్లు ఎండ తగిలేకొద్దీ తగ్గుతాయి. గ్లాసులో ఆ పచ్చివాసన గట్టిగా వస్తే కారణం నీడో, తొందరపడి కోయడమో, చల్లటి ఏడాదో అయ్యుంటుంది. అలాగని ఆకంతా దులిపేస్తే వేడి ప్రాంతాల్లో కాయ మాడి ముడతపడుతుంది. అందుకే చాలాచోట్ల పొద్దుటి ఎండ పడే వైపే ఆకు తీస్తారు. ఏ వైపు తీశారో, ఎందుకో అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో మీరు గైడ్ కంఠస్థం చేసిన పాఠాన్ని దాటేస్తారు.

తర్వాత వాలు. రాత్రి చల్లగాలి బరువెక్కి కిందికి జారుతుంది కాబట్టి పల్లంలో మంచు దెబ్బ ఎక్కువ. రాత్రులు చల్లగా ఉండేచోట కాయలోని మాలిక్ ఆమ్లం నెమ్మదిగా తరుగుతుంది, పులుపు నిలుస్తుంది. నేలలోని రాయి రుచి వైన్‌లోకి వస్తుందన్న మాటను మాత్రం నమ్మకండి. నేల చేసేది ప్రధానంగా నీటి పని: ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత త్వరగా వదిలేస్తుంది. నీరు నిలిచే నేలలో తీగ ఆకు పెంచే పనిమీద పడి కాయను ఆలస్యం చేస్తుంది.

సాళ్ల చివర గులాబీలు కనిపిస్తే బూడిద తెగులుకు ముందస్తు హెచ్చరిక అంటారు. అందంగా ఉంటాయి, అంతవరకే. గులాబీకి పట్టే బూడిద తెగులు శిలీంధ్రం వేరు, ద్రాక్షది వేరు. రెండింటికీ ఒకేరకం వాతావరణం అనుకూలం, ఆ మేరకు సూచన అనుకోవచ్చు. ఆకులమీద నీలం మరకలుంటే అది మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం, 1880లనుంచి బూజు తెగులుకు కొడుతున్నది. మందు ఎప్పుడు కొట్టారో కనుక్కోకుండా కాయ నోట్లో వేసుకోవద్దు.

అనుమతిస్తే ఒక కాయను మూడు దఫాలుగా రుచి చూడండి. ముందు గుజ్జు పిండి తీపీ పులుపూ చూడండి. తర్వాత తొక్కను పది పదిహేనుసార్లు నమలండి, పచ్చిదైతే గడ్డి రుచి, పండితే పండు రుచి, వగరు మెత్తబడుతుంది. చివర గింజ: ఆకుపచ్చగా చేదుగా ఉంటే ఇంకా సమయం ఉంది, గోధుమరంగుకు తిరిగి కటుక్కున విరిగితే దగ్గరపడింది. కోత సమయానికి చక్కెర మామూలుగా 22-25 బ్రిక్స్ (వంద గ్రాముల రసంలో ఉజ్జాయింపుగా అన్ని గ్రాములు) ఉంటుంది, దాన్ని 0.55-0.6తో గుణిస్తే వైన్‌లో రాబోయే ఆల్కహాల్ శాతం ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

ఒక తోటలో తొక్కిన బూట్లతో రెండో తోటలోకి వెళ్లేముందు మట్టి పూర్తిగా దులిపి కడగండి. ఫిలోక్సెరా అనే వేరు పురుగు మట్టితో ప్రయాణిస్తుంది. 19వ శతాబ్దంలో యూరప్ తోటల్ని తుడిచిపెట్టింది అదే, నేటికీ మందు లేదు, అమెరికన్ వేరుమొక్కపై అంటుకట్టడమే దారి. దక్షిణ ఆస్ట్రేలియాలో ఇంకా సొంతవేళ్లమీదున్న పాత తీగలు చాలా ఉన్నాయి, అక్కడ బూట్లు క్రిమిసంహారక ద్రావణంలో ముంచమంటే విసుక్కోకండి.

పీపామూత:

నాలుగో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

పీపా నమూనా సగం వండిన వంట. మసకగా ఉండటం, నాలుకమీద బొగ్గుపులుసు వాయువు చిటచిటలాడటం దోషాలు కావు. మొదట అడగాల్సింది మాలోలాక్టిక్ (కాయలోని మాలిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారే దశ) అయిందా లేదా అని. కాకపోతే పచ్చి యాపిల్ లాంటి పదునైన పులుపు ఉంటుంది, అది తర్వాత మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఇప్పుడే అయ్యుంటే వెన్న వాసన ముందుకొస్తుంది, తర్వాత సాధారణంగా సర్దుకుంటుంది. రెండోది పీపా వయసు. కొత్త ఓక్ పీపా వెనీలా, కొబ్బరి, కాల్చిన చెక్క వాసనలతో పండును కప్పేస్తుంది. ఆఖరి మిశ్రమంలో కొత్త పీపాల వంతు ఎంతో అడగండి, వీలైతే అదే వైన్‌ను పాత పీపాలోంచి కూడా ఇమ్మనండి. రెంటినీ పక్కపక్కన పెట్టుకుంటే చెక్క ఏది, కాయ ఏది అన్నది అరగంట ఉపన్యాసంకన్నా తేటగా తెలుస్తుంది. నమూనాలో చూడాల్సినవి పులుపు, వగరు మోతాదు, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది. సువాసనలను బట్టి తీర్పు చెప్పకండి.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలి తగలక పేరుకుంటుంది, తిప్పితే చాలాసార్లు పోతుంది. శుభ్రమైన రాగి ముక్క గ్లాసులో తిప్పితే పోయిందంటే ఆ అనుమానం బలపడినట్టే (ఆ వైన్ మాత్రం పారబోయండి). సీసాలో తడిసిన అట్టపెట్టె, మూసిన గది చెమ్మ వాసన వస్తే బిరడా దోషం, టీసీఏ అనే రసాయనం వల్ల వచ్చేది. లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా పట్టేస్తుంది, తిప్పినా ఆగినా పోదు. తక్కువ మోతాదులో ఉంటే చెమ్మ వాసన తెలియదు, పండు వాసన మాత్రం చచ్చిపోతుంది. అనుమానమొస్తే మొహమాటం లేకుండా ఇంకో సీసా తెరవమనండి, వాళ్లకూ అదే మేలు.

కోతల రోజుల్లో పులిసే తొట్టి మూతమీదికి వంగి వాసన చూడొద్దు. పైన పేరుకున్న బొగ్గుపులుసు వాయువు రెండు ఊపిర్లలో స్పృహ తప్పించగలదు.

కొత్తగుత్తి:

అందరికీ కృతజ్ఞతలు. వెళ్లేముందు ఇంట్లో సాధన చెయ్యడానికి వీలైనదేమైనా ఉందా? పక్కవాళ్లు మిరియాల వాసన అంటుంటే ఏమీ దొరకని సందర్భాల్లో అనుమానం నా ముక్కు మీదికే వెళ్తోంది.

వగరుమాట:

మిరియాల సంగతికి అనుమానం వద్దు. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో ఆ వాసన రొటండోన్ అనే పదార్థానిది. దాన్ని గుర్తించిన ఆస్ట్రేలియా పరిశోధకుల పరీక్షల్లోనే దాదాపు ఐదోవంతు మందికి అది పరీక్షించిన అత్యధిక మోతాదులోనూ తెలియలేదు. కంటిని కూడా నమ్మకండి. 2001లో ప్రచురితమైన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసిన ప్రయోగంలో వాసనలేని ఎర్ర రంగు కలిపిన వైట్ వైన్‌ను వైన్ విద్యార్థులు రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారు.

సాధనకు తటస్థమైన, తీపి లేని చవక వైట్ వైన్ తీసుకుని నాలుగు గ్లాసుల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. మొదటిదానికి 10 మిల్లీలీటర్ల మంచినీళ్లు, ఇది పోలికకు. రెండోదానికి నిమ్మఉప్పు ద్రావణం 10 (100 మిల్లీలీటర్ల నీళ్లలో 4 గ్రాములు). మూడోదానికి చక్కెర ద్రావణం 10 (40 గ్రాముల చక్కెర, నీళ్లు కలిపి మొత్తం 100 అయ్యేలా). నాలుగోదానికి 40 శాతం వోడ్కా 10. అంటే లీటరుకు దాదాపు 2 గ్రాముల పులుపు, 20 గ్రాముల తీపి, దాదాపు 2 శాతం ఆల్కహాల్ తేడా. అన్నీ 10-12 డిగ్రీల దగ్గర చూడండి, ఒకటి వెచ్చబడినా పోలిక చెడుతుంది. ముందు తెలిసి తాగండి, తర్వాత ఎవరిచేతనైనా గ్లాసులు మార్పించి చెప్పండి. వగరుకు పాలు లేని చిక్కటి టీ చల్లార్చి పుక్కిలిస్తే చాలు.

కొంత పట్టు దొరికాక త్రికోణ పరీక్ష చెయ్యండి: మూడు గ్లాసులు, రెండింట్లో ఒకటే వైన్, మూడోదేదో కనిపెట్టాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒకటి రెండు విజయాలను లెక్కపెట్టకండి. ఆరుసార్లలో ఐదు సరిగ్గా చెబితే అది అదృష్టం అయ్యే అవకాశం రెండు శాతంలోపే.

తీగజాడ:

ఆ రోజుకు ఇంకొన్ని: సెంటు, వాసన వచ్చే లోషన్లు వద్దు, పక్కవాళ్ల ముక్కు కూడా పాడవుతుంది. పళ్లు తోమాక గంట ఆగండి. సెల్లార్ (వైన్ నిల్వచేసే గది) చల్లగా ఉంటుంది, పైన వేసుకోవడానికి ఒకటి పట్టుకెళ్లండి. రెండో తోట వేళకు ముక్కు అలిసిపోతుంది కాబట్టి వైట్లు, పలచటివి ఎక్కువున్న చోటికి ముందు వెళ్లండి. సీసాలు కొనేలా ఉంటే నచ్చినదాన్ని చివర్లో ఇంకో గుటక అడిగి, అప్పుడే చెప్పండి. కొన్నాక ఎండలో నిలిపిన కారు డిక్కీలో మాత్రం వదలొద్దు. వేడికి వైన్ ఉబ్బి బిరడాను పైకి నెడుతుంది, చల్లారాక సందులోంచి గాలి లోపలికి పోతుంది. బిరడా సీసా అంచుకంటే పైకి వచ్చి ఉన్న సీసాను దాచకండి, ముందు దాన్నే తాగేయండి.